రాత్రి లెన్స్ గురించి అడిగావు కదా

ఒరేయ్ కిరణ్,

కళ్లజోడుతో విసిగిపోయానని, లేజర్ అంటే భయమని, రాత్రి పెట్టుకుని పొద్దున తీసేసే లెన్స్ నిజంగా పనిచేస్తుందా అని రాశావు. పనిచేస్తుందిరా. నాది మైనస్ 3.5, రెండేళ్లుగా పగలంతా కళ్లజోడు లేకుండానే తిరుగుతున్నాను. కానీ ఫోన్లో చెప్తే నువ్వు మంచి మాటలు మాత్రమే విని పెట్టేస్తావు, అందుకే కూర్చుని రాస్తున్నాను.

దీని పేరు ఆర్థోకెరటాలజీ, అందరూ ఆర్థో-కె అంటారు. మెత్తటి లెన్స్ కాదు, గట్టిది, కానీ ఆక్సిజన్‌ని లోపలికి పోనిస్తుంది. కార్నియా, అంటే కంటి ముందున్న పారదర్శకమైన పొరకి, రక్తనాళాలు ఉండవు, ఆక్సిజన్ బయటి నుంచే అందాలి కాబట్టి అది ముఖ్యం. లెన్స్ నడిమి భాగం చదునుగా ఉంటుంది. నిద్రలో దాని కింద కన్నీటి పొర ఒత్తిడికి కార్నియా పైపొర మధ్యలో పలచబడుతుంది, చుట్టూ కాస్త మందమవుతుంది. అలా మధ్యలో చదునవ్వడం వల్లే పగలు దూరంవి స్పష్టంగా కనిపిస్తాయి. మార్పంతా కలిపి దాదాపు 20 మైక్రాన్లు, తల వెంట్రుక మందం కూడా లేదు! మానేస్తే కొన్ని రోజుల్లో, మహా అయితే కొన్ని వారాల్లో పాత సైట్ తిరిగొస్తుంది. అమెరికాలో రాత్రి వాడకానికి 2002లో అనుమతి ఇచ్చినప్పుడు మైనస్ 6 వరకు అన్నారు, నీది నాలుగున్నరే కాబట్టి అడిగి చూడొచ్చు. పవర్ పెరిగేకొద్దీ సరిగ్గా కుదరడం కష్టమవుతుంది, అది గుర్తుంచుకో.

మొదటి వారం ఓపిక పట్టాలి. నాకు మూడో రోజుకి ఎడమ కన్ను బాగానే కనిపించింది, కుడి కంట్లో మాత్రం ప్రతి అక్షరానికీ ఒక నీడ. టోపోగ్రఫీ అని కార్నియాకి మ్యాప్ తీస్తారు, అందులో చదునైన చోటు నీలం రంగులో గుండ్రంగా నల్లగుడ్డు మధ్యలో పడాలి, నాది కాస్త పైకి జరిగి ఉంది. లెన్స్ నిద్రలో పైకి వెళ్లి కూర్చుంటోందన్నమాట. కొలత మార్చి వేరేది ఇచ్చాక సర్దుకుంది. అందుకే ఆ మ్యాప్ తియ్యకుండా లెన్స్ ఇచ్చేవాళ్ల దగ్గరికి వెళ్లకు. చీకట్లో లైట్ల చుట్టూ వలయాలు కనిపించడం కూడా మొదట్లో ఎక్కువే, నాకు ఇప్పటికీ కొంచెం ఉంది. రాత్రి డ్రైవింగ్ ఎక్కువ చేస్తావు కాబట్టి ముందే చెప్తున్నాను.

పొద్దున లేవగానే లెన్స్ కంటికి అతుక్కుపోయి ఉంటుంది. కంగారుపడి లాగకు. డ్రాప్స్ వేసుకుని, నిదానంగా కళ్లు ఆర్పుతూ ఉండు. లెన్స్ కంటి మీద అటూ ఇటూ జరుగుతున్నట్టు తెలిశాకే తియ్యాలి.

ఇక అసలు సంగతి, నీళ్లు. ఒకరోజు నిద్రమత్తులో లెన్స్ డబ్బాని కుళాయి కింద కడిగేశాను. రెండు రోజులకి ఎడమ కన్ను ఎర్రబడి ఇసుక పడ్డట్టు గరగరలాడింది, వెలుతురు చూడలేకపోయాను. వెంటనే వెళ్లాను కాబట్టి డ్రాప్స్‌తో తగ్గింది. పది రోజులు లెన్స్ వద్దన్నారు, ఆ పది రోజులూ సైట్ రోజుకో రకంగా మారుతుంటే పాత కళ్లజోడు కూడా సరిపోక నానా అవస్థ పడ్డాను. కుళాయి నీళ్లలో అకాంథమీబా అనే సూక్ష్మజీవి ఉండొచ్చట, అది కార్నియాలో చేరితే చూపే పోవచ్చు. చేతులు సబ్బుతో కడిగి పూర్తిగా తుడుచుకోవాలి, లెన్స్‌కీ డబ్బాకీ సొల్యూషన్ తప్ప చుక్క నీరు తగలకూడదు. కన్ను ఎర్రగా ఉన్న రాత్రి లెన్స్ పెట్టనే కూడదు.

నువ్వు చివర్లో ఒక్క లైనులో రాసేశావు చూడు, పాపకి ఎనిమిదేళ్లకే మైనస్ 2 వచ్చిందని, ఆ మాటే నా మనసులో ఉండిపోయిందిరా. పిల్లల్లో కనుగుడ్డు పొడవు పెరిగేకొద్దీ సైట్ పెరుగుతుంది. 2012లో హాంకాంగ్‌లో చేసిన అధ్యయనంలో రెండేళ్లపాటు ఈ లెన్స్ వాడిన పిల్లలకి ఆ పెరుగుదల కళ్లజోడు పెట్టుకున్న పిల్లల కంటే 43 శాతం తక్కువగా ఉంది. ఆగిపోలేదు, నెమ్మదించింది. నీకంటే ముందు పాప గురించి డాక్టర్‌ని అడుగు. సరే అంటే మాత్రం, రాత్రి పెట్టడం, పొద్దున తియ్యడం నువ్వో చెల్లాయో దగ్గరుండి చూసుకోవాలి, ఒక్క రాత్రి కూడా ఆ పని పాప ఒక్కదానికే వదలొద్దు.

ఇద్దరికీ మ్యాప్ తీయించాక ఆ ఫోటోలు నాకు పంపు.

నీ
రవి