విషయం: పాత ఫ్రెంచ్ పత్రికల పేజీల అంచులు కోసి, అట్టకు అతికించడంపై ఫిర్యాదు

మేనేజర్ గారికి,

హైదరాబాద్‌లోని మీ షోరూమ్‌లో ఫ్రేమ్ కట్టమని నేనిచ్చిన రెండు కాగితాలూ విజయవాడలో మా ఇంటికి చేరాయి. ఫ్రేములు బాగానే ఉన్నాయి. లోపలున్నవే పాడయ్యాయి.

నాటక, సంగీత రంగాల వాళ్ల మీద పాత ఫ్రెంచ్ వ్యంగ్య పత్రికలు వేసిన క్యారికేచర్లు (వ్యంగ్య చిత్రాలు) చాలా ఏళ్లుగా సేకరిస్తున్నాను. మీకిచ్చిన వాటిలో ఒకటి 'లెక్లిప్స్' వారపత్రిక 1869 ఏప్రిల్ 18 సంచిక మొదటి పేజీ. జర్మన్ సంగీతకారుడు వాగ్నర్ రాసిన 'రియెంజి' ఒపేరా (పాటలతో నడిచే నాటకం) పారిస్‌లో మొదలై అప్పటికి రెండు వారాలైనా కాలేదు. ఓ పెద్ద చెవిలో వాగ్నర్ నిలబడి, సంగీత స్వరాన్ని సుత్తితో మేకులా దిగ్గొడుతున్నట్టు ఫ్రెంచ్ వ్యంగ్య చిత్రకారుడు ఆంద్రే జిల్ గీశాడు. రెండోది 1894లో 'ల రీర్' పత్రికకు ఫ్రెంచ్ చిత్రకారుడు తులూజ్ లోత్రెక్ వేసిన గాయని ఇవెట్ గిల్బెర్ బొమ్మ.

"కత్తిరించొద్దు, జిగురు పెట్టొద్దు" అని కౌంటర్లో చెప్పాను. మీ బిల్లు మీదా రాయించాను, కాపీ జతచేశాను. అయినా ఫ్రేము సైజుకు సరిపోవాలని జిల్ పేజీని పైనా కిందా కోశారు. పత్రిక పేరులో అక్షరాల పై సగం ఎగిరిపోయింది, తేదీ ఉన్న వరుస అసలే లేదు. తర్వాత తెల్ల జిగురుతో అట్టకు పూర్తిగా అతికించారు. బొమ్మ మధ్యలో బుడగలు లేచాయి. వాగ్నర్ భుజం దగ్గర తడి మరక ఉంది.

ఫోన్ చేస్తే మీ సిబ్బంది "పాత పేపరే కదండీ, బొమ్మ మొత్తం కనిపిస్తోందిగా" అన్నారు. ఆ మాటకు చాలా బాధపడ్డాను. పేజీ వెనక ఆ వారం వ్యాసాలు అచ్చై ఉంటాయి. తర్వాతెప్పుడో వేసిన నకళ్లకు చాలావాటికి వెనక ఖాళీ. అసలు ప్రతి అని చూపించే ఆ వెనక వైపే ఇప్పుడు జిగురు కింద ఉంది. అంచులూ అంతే. ఫ్రాన్స్ రెండో సామ్రాజ్యం (మూడో నెపోలియన్ పాలన) రోజుల్లో ఒకరి క్యారికేచర్ అచ్చువేయాలంటే ప్రభుత్వ అనుమతితోపాటు ఆ మనిషి ఒప్పుకోలూ కావాలి. ఆ ఒప్పుకోలు చేతిరాతను జిల్ బొమ్మలు కొన్నింటి మీద అలాగే అచ్చువేశారు. ఇలాంటి కాగితాల్లో అంచు కూడా చరిత్రే.

ఇంకో ఫ్రేమ్ ఉచితంగా కట్టిస్తామన్నారు. నాకది వద్దు. కోసిన ముక్కలు చెత్తలో వేయకపోయి ఉంటే వెంటనే పంపండి. అట్ట నుంచి ఊడదీసే ప్రయత్నం మీరు చేయకండి, కాగితం చిరుగుతుంది. నేను ఎంచుకున్న కాగిత సంరక్షణ నిపుణుడి ఖర్చు, రెండు ఫ్రేముల డబ్బు మీరు చెల్లించాలి. ఇలాంటి కాగితాలను సన్నని జపాన్ కాగితం ముక్కలు, గోధుమ గంజితో పై అంచున మాత్రమే నిలపాలని, ఆమ్లం లేని అట్టే వాడాలని మీ పనివాళ్లకు నేర్పించండి.

15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వండి. లేకపోతే బిల్లు, ఫొటోలతో జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను.

ఇట్లు,
మీ కస్టమరు, విజయవాడ