అక్క పెళ్లి క్యాసెట్, మూడు రంగుల వైరు

ఒరేయ్ బావా,

ఎలా ఉన్నావు? ఇది ఫోన్‌లో చెబితే తేలేది కాదని కూర్చుని రాస్తున్నాను. 1994లో మా అక్క పెళ్లి క్యాసెట్ గుర్తుందా? మొన్న అటక మీద దొరికింది. పక్కనే వీడియో క్యాసెట్లు ఆడించే మా పాత వీసీఆర్. ప్లగ్గు పెడితే లైటు వెలిగిందిరా! ఆ రాత్రి నాకు నిద్ర పడితే ఒట్టు.

వెంటనే పెట్టెయ్యలేదులే. కాకినాడ గాలి సంగతి నీకు తెలుసుగా, ఇక్కడి తేమకి టేపులు బూజు పట్టేస్తాయి. క్యాసెట్ కిటికీలోంచి లైటు వేసి చూశాను. తెల్లటి పొడి కనిపిస్తే అసలు పెట్టకూడదు. ఆ బూజు వీసీఆర్ లోపల టేపుని చదివే హెడ్‌కి అంటుకుని, తర్వాత పెట్టే క్యాసెట్లని కూడా పాడుచేస్తుంది. మనది నల్లగా నిగనిగలాడుతోంది.

అసలు తంటా టీవీతో వచ్చింది. కొత్త టీవీ వెనక ఆ మూడు రంగుల రంధ్రాలే లేవు. పసుపు బొమ్మకి, తెలుపు ఎడమ శబ్దానికి, ఎరుపు కుడి శబ్దానికి, అదే కదా మనకి తెలిసిన లెక్క. వాటి బదులు ఇయర్‌ఫోన్ పెట్టుకునే రంధ్రం లాంటిది ఒకటి ఉంది, మీద ‘ఏవీ ఇన్’ అని రాసి. ఒక కొసన సన్న పిన్ను, రెండో కొసన మూడు రంగులు ఉండే వైరు కొనుక్కొచ్చాను. పెడితే బొమ్మ లేదు, స్పీకర్లోంచి ఒకటే గుర్రు. రెండు రోజులు వీసీఆరే పోయిందని దిగులు పడ్డాను. తీరా చూస్తే, ఆ సన్న పిన్ను మీద నాలుగు పట్టీలు ఉంటాయిరా. ఏ పట్టీలో బొమ్మ, ఏ పట్టీలో శబ్దం అన్నది అన్ని వైర్లకీ ఒకేలా ఉండదు, పైకి మాత్రం అన్నీ ఒకటే. నా బొమ్మ సిగ్నల్ వెళ్లి శబ్దం దారిలో పడింది, ఆ గుర్రు అదే. వీసీఆర్ వీడియో అవుట్‌లోంచి పసుపు పిన్ను తీసి ఎర్రది పెట్టాను. మా వీధి వచ్చింది, మా పందిరి వచ్చింది!

అక్క వాళ్ల టీవీకి ఆ రంధ్రం కూడా లేదు, హెచ్‌డీఎంఐ ఒక్కటే. వీసీఆర్ ఇచ్చేది అనలాగ్, అది పుచ్చుకునేది డిజిటల్. ఉత్త వైరుతో కుదరదు, మధ్యలో కన్వర్టర్ డబ్బా ఉండాలి. దానికి యూఎస్‌బీ నుంచి కరెంటు ఇవ్వాలి. కొనేటప్పుడు ‘ఏవీ టు హెచ్‌డీఎంఐ’ అన్నదే అడగాలి. ‘హెచ్‌డీఎంఐ టు ఏవీ’ డబ్బా కూడా అచ్చం అలాగే ఉంటుంది, మనకి పనికిరాదు. దాని మీద 1080 అని ఉందని మురిసిపోనక్కర్లేదు, టేపులో లేని స్పష్టతని అది ఎక్కణ్ణించి తెస్తుంది? టీవీలో బొమ్మ కొలత 4:3 పెట్టాం, లేకపోతే పెళ్లికూతురు అడ్డంగా సాగిపోయింది. పాత టీవీ బొమ్మ ఊగినా చూపించేది, ఇది సిగ్నల్ కాస్త తడబడగానే నీలం తెర వేసేస్తోంది. హెడ్ టేపుని సరిగ్గా చదివేలా సర్దే ట్రాకింగ్ బటన్ నొక్కుతూ నెట్టుకొచ్చాం.

నువ్వు అమెరికాకి పట్టుకెళ్లిన కాపీ అక్కడ ఆడలేదని ఎంత బాధపడ్డావో నాకింకా గుర్తే. క్యాసెట్‌లో తప్పేం లేదురా. మన టీవీ పద్ధతి పేరు పాల్, సెకనుకి 25 ఫ్రేములు, బొమ్మకి 625 గీతలు. అక్కడి వీసీఆర్లది ఎన్‌టీఎస్‌సీ అనే వేరే పద్ధతి, 525 గీతలు, దాదాపు 30 ఫ్రేములు, అందుకే ఆడలేదు. దాన్ని పారెయ్యకు.

నీకు ఇంత వివరంగా ఎందుకు రాస్తున్నానంటే, తలంబ్రాలు అయ్యాక హారతి దగ్గర మీ అమ్మ ఉంది. ఆకుపచ్చ పట్టుచీర, పళ్లెం పట్టుకుని పాడుతోంది. అత్తయ్య గొంతు విని అక్క, నేను ఇద్దరం ఏడ్చేశాం. చివరిదాకా వీసీఆర్లు చేసిన జపాన్ కంపెనీ ఫునాయ్ కూడా 2016లో ఆపేసింది, మా వీసీఆర్ పోతే సామాన్లు దొరకడం కష్టం. అందుకే ఈ ఆదివారమే కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నాను. మూడు గంటల టేపుకి మూడు గంటలూ పక్కనే కూర్చోవాలి, కూర్చుంటాను. ఫైలు సాయంత్రానికి పంపిస్తాను. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విను, సన్నాయి గోలలో అత్తయ్య గొంతు కొంచెం చిన్నగా వినిపిస్తుంది.

నీ
బావ