వాన వెలిసింది, ఇక నీళ్ల సంగతి చూద్దాం

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

తుపాను వాన ఆగి నాలుగు రోజులైంది, ఎండ కూడా కాస్తోంది. నాకు మాత్రం టెన్షన్ ఇప్పుడే మొదలైంది. 2021 నవంబరులో తిరుపతిని ముంచెత్తిన వానలు మీకు గుర్తుండే ఉంటాయి. స్వర్ణముఖి పొంగింది. రాయలచెరువు కట్ట ఎక్కడ తెగుతుందోనని కింది ఊళ్లవాళ్లు ప్రాణాలు అరచేత పట్టుకుని ఉన్నారు. అప్పుడు వాన తెరిపిచ్చాక మన బడి సంపు మూత తీసి చూశాను. నీళ్లు తేటగానే ఉన్నాయి. మూత అంచు నుంచి లోపలి గోడ మీదుగా మాత్రం బురద చారలు దిగి ఉన్నాయి. వీధి మురుగు లోపలికి వచ్చిందన్నమాట. ఆ నీళ్లు బిందెలో పట్టి చూపిస్తే ఎవరికీ అనుమానం రాదు.

కొళాయి నీళ్లనూ నమ్మలేం. నీళ్లు వదలని వేళ పైపు ఖాళీగా ఉంటుంది. ఎక్కడైనా పగులుంటే చుట్టూ నిలిచిన మురుగు అందులోకి దిగుతుంది. కాబట్టి నీళ్లు రాగానే మొదట పట్టినవి తాగడానికి వాడకండి. తర్వాత పట్టినవి బాగా తెర్లాక ఇంకో నిమిషం పొయ్యి మీదే ఉంచి, మూతపెట్టి చల్లార్చి, బాటిల్లో పోసి పంపండి. క్యాన్ నీళ్లు వేయించుకునేవాళ్లకూ ఇదే మాట. ఆ క్యాన్ లోపల ఎప్పుడు కడిగారో మనకు తెలియదు. బాటిల్ మూతలోని రబ్బరు రింగు తీసి చూడండి, కింద జిగురు పేరుకుని ఉంటుంది.

బిడ్డకు బేదులవుతుంటే బడికి పంపకండి, ఫోన్ చేసి చెప్పండి చాలు. హాజరు గురించి దిగులొద్దు. ఓఆర్ఎస్ ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లని రాసుందో అన్నిట్లోనే కలపండి. పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్లకు. దాన్ని ఒక్క గ్లాసులో కలిపి తాగించిన అమ్మను నేను చూశాను. అలా చేస్తే ఉప్పు ఎక్కువై బిడ్డకు ప్రమాదం. ప్యాకెట్ దొరక్కపోతే లీటరు కాచిన నీళ్లలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చెంచా అంచుకు సమంగా కొలిచి వేయండి. డబ్బాల్లో అమ్మే తీపి జ్యూసులు ఓఆర్ఎస్ కావు. 2025 అక్టోబరులో దేశంలో ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ అలాంటి వాటి మీద ఆ పేరు వేయొద్దని ఆదేశించింది కూడా. బిడ్డ ఒంటికి పోవడం తగ్గినా, కళ్లు లోతుకు పోయినా, మత్తుగా పడుకున్నా, విరేచనంలో రక్తం కనిపించినా తిరుపతి రుయా ఆసుపత్రికో దగ్గర్లోని ఇంకో ఆసుపత్రికో వెంటనే తీసుకెళ్లండి.

ఇంకో సంగతి. టైఫాయిడ్ బయటపడడానికి ఒకటి నుంచి మూడు వారాలు, నీళ్ల ద్వారా వచ్చే పచ్చకామెర్లకు దాదాపు నెల పట్టొచ్చు. అందుకే ఈ జాగ్రత్తలు నెలకు పైగా పాటించాలి. కళ్లు పచ్చబడితే పసరు మందు కోసం తిరుగుతూ రోజులు పోగొట్టకండి. ముందు రక్తపరీక్ష చేయించండి.

శనివారం ఉదయం సంపు, ట్యాంకు ఖాళీ చేయించి, బ్లీచింగ్ వేసి కడిగిస్తున్నాం. వీలైనవాళ్లు వచ్చి దగ్గరుండి చూడండి. ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఆఫీసు గదిలో పెట్టాం, ఇంటికి కావాలంటే అడిగి తీసుకెళ్లండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు