బంగారు మేకు ఫోటో చూశాక

చిట్టితల్లీ,

మీ క్యాంపస్ మ్యూజియంలో తీసి పంపిన మేకు ఫోటో మూడు రోజులుగా చూస్తూనే ఉన్నా. మీ అమ్మకు అందులో బంగారం కనబడింది, నాకు పట్టాను స్లీపరుకు బిగించే స్పైకు కనబడింది. కాజీపేట సెక్షన్లో ముప్పై ఏళ్లు కీమ్యాన్‌గా పట్టాల వెంట నడిచినవాణ్ణి, ఇంకేం కనబడుతుంది!

అమెరికా తూర్పు, పడమరలను కలిపిన మొదటి రైలు లైనుకు ఆఖరున కొట్టిన మేకు ఇదేనంటారు గానీ, నిజానికి దాన్ని కొట్టనేలేదు. బంగారం మెత్తన, సుత్తి పడితే తల అణిగిపోతుంది. 1869 మే 10న యూటాలో ప్రోమంటరీ దగ్గర, లారెల్ చెక్క స్లీపరుకు ముందే బెజ్జం తొలిచి అందులో దింపారు, వేడుక అయ్యాక తీసేశారు. అసలు దెబ్బ ఇనుప మేకుకు. కొట్టింది మీ యూనివర్సిటీ పెట్టిన లీలండ్ స్టాన్‌ఫర్డే. అదీ గురి తప్పిందట! మా గ్యాంగులో కొత్త కుర్రాడు అలా కొడితే మేస్త్రీ ఊరుకునేవాడా? అక్కడ మాత్రం పని అయిపోయిందని టెలిగ్రాఫ్‌లో దేశమంతా చాటేశారు.

ఆయన మొదట లాయరు. విస్కాన్సిన్‌లో ఆఫీసూ పుస్తకాలూ మంటల్లో పోతే, 1852లో కాలిఫోర్నియాకు అన్నదమ్ముల దగ్గరికి చేరి, గని కూలీలకు సరుకులమ్మాడు. పదేళ్లు తిరిగేసరికి రాష్ట్రానికి గవర్నరు, పడమటి వైపు నుంచి ఆ లైను వేసిన సెంట్రల్ పసిఫిక్ రైల్వేకు ప్రెసిడెంటు, రెండూ తనే. రైల్వేకు సర్కారు సాయం ఎలా దొరికిందో వేరే చెప్పాలా?

గవర్నరుగా మొదటి ఉపన్యాసంలోనే ఆసియా వాళ్లను రానివ్వకూడదన్నాడు. మూడేళ్లకు ఆయన కంపెనీయే చైనా వాళ్లను వేలల్లో పనిలోకి తీసుకుంది. సియెర్రా కొండల్లో గ్రానైటు రాయి తొలిచి సొరంగాలు చేసింది వాళ్లే. 1867లో కూలి పెంచమని, పని గంటలు తగ్గించమని సమ్మె కడితే, కొండ మీదికి తిండి సరుకులు పంపడం ఆపేశారు. వారంలో లొంగిపోయారు. 1869 ఏప్రిల్ 28న ఒక్క రోజులో పది మైళ్ల లైను వేశారు చూడు, ఆ రోజు పట్టాలు మోసిన ఎనిమిది మంది ఐర్లండు వాళ్ల పేర్లు రాసిపెట్టారు. చైనా వాళ్లవి మాత్రం రాయలేదు.

ఇంతా తిట్టుకుంటూ చదివి, ఒక చోట ఆగిపోయాను. 1884లో ఇటలీలోని ఫ్లారెన్స్‌లో టైఫాయిడ్‌తో స్టాన్‌ఫర్డ్ ఒక్కగానొక్క కొడుకు పోయాడు. పదిహేనేళ్లు. పదో తరగతిలో నువ్వు అదే జ్వరంతో పడుకున్నప్పుడు, రాత్రుళ్లు తడిగుడ్డ మార్చుతూ కూర్చున్న చేతులివి. ఆ పేజీలో ఆయన్ను ఏమీ అనలేకపోయాను. ఆ పిల్లాడి పేరుతోనే 1891లో కాలేజీ తెరిచారు. మొదట్లో ఫీజు లేదు, ఆడపిల్లలకూ మొదటి రోజు నుంచే చోటిచ్చారు.

ఒక పని చేసిపెట్టు. నువ్వు పంపింది కంపెనీ పెద్దల పేర్లు చెక్కిన వైపు. ఇంకో వైపు లైను పూర్తయిన తేదీ మే 8 అని ఉంటుంది. వేడుక ఆ రోజే అనుకున్నారు. తూర్పు నుంచి లైను వేసుకొచ్చిన అవతలి కంపెనీ, యూనియన్ పసిఫిక్ పెద్దమనిషి డ్యురాంట్ వస్తున్న రైలును, జీతాలు అందని కూలీలు దారిలో ఆపేశారు. అదొకటి, వానలొకటి, రెండు రోజులు ఆలస్యమైంది. ఆ తేదీ ఉన్న వైపు ఫోటో తీసి పంపమ్మా.

మీ నాన్న