వేపపిండి కలిసిన కోకోపీట్‌ను వెనక్కి తీసుకుంటున్నాను

మా షాపులో పిల్ల టరంటులాల (పెంచుకునే పెద్ద బొచ్చు సాలీళ్ల) కోసం అక్రిలిక్ డబ్బాలు, వాటిలో అడుగున పరిచే కోకోపీట్ (కొబ్బరి పీచు తీయగా మిగిలే పొట్టు) తీసుకెళ్లిన అందరికీ నమస్కారం. సూటిగా చెప్పేస్తాను. ఈ మధ్య మీకిచ్చిన కోకోపీట్‌లో వేపపిండి కలిసి ఉంది. కలిపింది నేను కాదు, నాకు సరుకు వేసే డీలరు. అయినా మీరు కొన్నది నా దగ్గర కాబట్టి మొత్తం వెనక్కి తీసుకుని మంచి సరుకు ఇస్తాను. పైసా తీసుకోను. విజయనగరం, బొబ్బిలి, పలాస వాళ్లకు ఆర్టీసీ కార్గోలో నా ఖర్చుతోనే పంపిస్తాను.

విజయనగరం నుంచి ఒక కస్టమరు వీడియో పంపారు. చిటికెన వేలి గోరంత పిల్ల సాలీడు. కొత్త డబ్బాలో కింద కాలు పెట్టకుండా గోడనే పట్టుకుని ఉంది. కొత్త చోటికి వచ్చిన మొదట్లో అలా ఉండటం మామూలే, కంగారు పడొద్దని నేనే అందరికీ చెబుతుంటాను. కానీ ఇది వారం దాటినా దిగలేదు. ముందుకాలు కిందికి చాపడం, పీట్ తగలగానే వెనక్కి లాక్కోవడం. అది చూశాక మనసు ఊరుకోలేదు. షాపులో మిగిలిన ఎండు పీట్ దిమ్మ ఒకటి టబ్బులో వేసి గోరువెచ్చని నీళ్లు పోశాను. ఉబ్బుతున్నకొద్దీ చేదు వాసన మొదలైంది. ఉత్త కొబ్బరి పొట్టు తడిస్తే పీచు వాసన తప్ప ఏమీ రాదు. యూరియాలో వేపపిండి కలిపి వరికి చల్లే ఊళ్లో పెరిగిన నాకు ఆ వాసన ఇంకెవరూ చెప్పక్కర్లేదు. గుప్పెడు తీసి కాగితం మీద పరిస్తే పొట్టు మధ్య ముదురు రంగు పలుకులు విడివిడిగా కనబడ్డాయి.

వేప మంచిదే కదా అని మీలో కొందరు అనుకోవచ్చు. మొక్కకు మంచిదే. వేపలో ఉండే అజాడిరక్టిన్ పురుగును ఎదగనివ్వదు. పురుగు కుబుసం విడవడానికి లోపల ఒక హార్మోను పని చేయాలి. దాన్ని ఇది చెడగొడుతుంది. రైతు వేపను వాడేది అందుకే. సాలీడు కీటకం కాదు, ఎనిమిది కాళ్లది. కానీ అదీ ఆ రకం హార్మోనుతోనే కుబుసం విడుస్తుంది. పైగా పెద్ద టరంటులా ఏడాదికో, ఇంకా ఆలస్యంగానో విడిస్తే, పిల్లది కొన్ని వారాలకోసారి విడుస్తుంది. పగలూ రాత్రీ ఆ పొట్టులోనే బొరియ చేసుకుని ఉండే జీవికి ఇలాంటిది పరవడం నేను ఒప్పుకోను. ఇంతవరకు ఏదీ చనిపోయిందని ఎవరూ చెప్పలేదు. ఎవరో ఒకరు చెప్పేదాకా ఆగే ఉద్దేశం నాకు లేదు.

డీలరుకు ఫోన్ చేస్తే ఆయన అన్న మాట ఇంకా గుచ్చుకుంటోంది. "ఏటండీ, సాలీడుకి కూడా క్వాలిటీ చూస్తారేటి? వేపపిండి వేస్తే చీమలు పట్టవు, నర్సరీ వాళ్లు ఎక్కువ ఇచ్చి మరీ కొంటున్నారు" అన్నారు. నర్సరీ వాళ్లకు అమ్ముకోండి, ఎవరు వద్దన్నారు? బిల్లు మీద కోకోపీట్ అనే ఉంది. దిమ్మ కవరు మీద వేప అన్న మాటే లేదు. మొదట్లో తెచ్చిన లోడ్లన్నీ శుభ్రంగా ఉన్నాయి. మధ్యలో మార్చి ఒక్క మాట చెప్పలేదు. తర్వాతి బిల్లులో తగ్గిస్తామన్నారు, వద్దన్నాను. ఆయనతో ఇక వ్యాపారం లేదు. సాలీడుకి ఇల్లేమిటని ఊళ్లో అడిగేవాళ్లకు నేను జవాబు చెప్పుకోగలను. గాలి రంధ్రాలు పిల్ల సాలీడు తల భాగం కంటే సన్నగా ఉండాలని ఒక్కో డబ్బాకు నా చేత్తో డ్రిల్ వేసి ఇస్తున్నాను. అందులో పోసేది ఏమిటో నాకే తెలియకుండా చేస్తే ఎలా ఊరుకుంటాను?

దీనికంటే ఎక్కువ టెన్షన్ పెట్టింది ఇంకోటి. మీకేం చెప్పాలి? పీట్ మార్చమంటే, అప్పుడే కుదురుకున్న పిల్లను మళ్లీ కదపాలి. కట్టుకున్న సాలెపట్టు, తవ్వుకున్న బొరియ అన్నీ పోతాయి. మళ్లీ మొదటినుంచి బెదురు, తిండి మానేయడం. కుబుసానికి సిద్ధమైన దాన్ని కదిపితే ఇంకా ప్రమాదం. పోనీ వదిలేయమందామంటే వేపలోనే కుబుసం విడవాలి. ఎటు ఆలోచించినా రెండోవైపు తప్పుగానే కనబడింది. ఆఖరికి నా నిర్ణయం ఇది: మార్చండి. కుబుసం విడిచే సమయంలో మాత్రం ముట్టుకోవద్దు. పిల్ల వెల్లకిలా పడుకుని ఉన్నా, బొరియ నోరు మూసుకుని లోపల ఉన్నా, పొట్ట నున్నగా నల్లగా మెరుస్తూ తిండి ముట్టకపోయినా అలాగే వదిలేయండి. వెల్లకిలా పడితే చనిపోయిందని కదపకండి, కుబుసం విడిచేది అలాగే. విడిచాక కూడా కోరలు తెల్లగా, మెత్తగా ఉంటాయి. అవి నల్లబడి గట్టిపడేదాకా ఆగి అప్పుడు మార్చండి.

మార్చేటప్పుడు చేత్తో పట్టుకోవద్దు. పెద్ద టబ్బులో రెండు డబ్బాలూ పెట్టుకుని, పిల్ల మీద చిన్న కప్పు బోర్లించి, కిందనుంచి అట్టముక్క జరపండి. మెత్తని పెయింటింగ్ బ్రష్‌తో వెనక కాళ్ల దగ్గర తాకితే తనే కొత్త డబ్బాలోకి నడుస్తుంది. పాత డబ్బాను వేడినీళ్లతో కడగండి, సబ్బు వద్దు. పాత పీట్‌లో నానిన చెక్కముక్క మళ్లీ వాడకండి. కొత్త పీట్‌ను పిడికిట్లో పిండితే నీళ్లు కారకూడదు, ముద్ద మాత్రం నిలవాలి. నేలమీద తిరిగే రకాలకు దాన్ని లోతుగా నింపండి. పీట్‌కూ మూతకూ మధ్య ఖాళీ, కాళ్లు చాపితే అది ఎంత ఉంటుందో దానికి ఒకటిన్నర రెట్లు దాటకూడదు. ఎత్తునుంచి పడితే పొట్ట చిట్లే ప్రమాదం ఉంది. చెక్కముక్క పక్కన పెన్సిల్‌తో చిన్న గుంత పెడితే అక్కడినుంచి అదే తవ్వుకుంటుంది. ఒక మూల మాత్రం తడిగా ఉంచండి, మీద స్ప్రే కొట్టొద్దు. నీళ్లకు సీసా మూత చాలు.

ఓ వారం తిండి పెట్టకండి. ఆ తర్వాత చంపిన చిన్న కీచురాయి ముక్క రాత్రి పెట్టి, తినకపోతే మర్నాడు తీసేయండి. మన వాతావరణానికి హీటరు అక్కర్లేదు, ఎండాకాలంలో కిటికీకి దూరంగా పెడితే చాలు. దోమల మందు మిషను, బొద్దింకల స్ప్రే ఆ గదిలో వద్దే వద్దు. చీమల భయముంటే నీళ్లు పోసిన పళ్లెంలో డబ్బా నిలబెట్టండి.

సాలీళ్లు కూడా అమ్మరా అని అడుగుతున్నారు. అమ్మను, ఇకముందూ అమ్మను. గుత్తి ఊరి పేరు పెట్టుకున్న నీలం టరంటులా నంద్యాల, గిద్దలూరు అడవుల్లో మిగిలినది ఎంతో కొంచెం. దాన్నీ, దాని ప్రజాతిలోని మిగతా రకాలన్నిటినీ 2019లో సైటిస్ (అరుదైన జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే ఒప్పందం) జాబితాలో చేర్చారు. సీతంపేట కొండల్లో పట్టుకున్నామని ఎవరూ నా దగ్గరకు తేవొద్దు. మీ దగ్గర ఉన్నది సైటిస్ జాబితాలోని రకమైతే 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి.

2018లో తిత్లీ తుఫాను ఉద్దానం కొబ్బరిని పడగొట్టాక ఇక్కడి పొట్టు సరిగ్గా దొరక్క బయటి డీలరు దగ్గర కొనడం మొదలుపెట్టాను. ఇప్పుడు కంచిలి వైపు పీచు తీసే చోటికి నేనే వెళ్లి, ఏమీ కలపని పచ్చి పొట్టు తెచ్చాను. అందులో ఉప్పు ఉంటుంది కాబట్టి నీళ్లు తేటగా దిగేదాకా కడిగి డాబా మీద ఆరబోస్తున్నాను. పని ఆలస్యం అవుతుంది, ధర కాస్త పెరుగుతుంది. పాత కస్టమర్లకు మాత్రం ఈ ఒక్కసారి ఉచితమే.

శ్రీకాకుళం ఏడురోడ్ల జంక్షన్ దగ్గర షాపుకు ఆదివారం తప్ప ఏ రోజు వచ్చినా ఇస్తాను. సాలీడును బస్సులో ఎండన పడి తీసుకురావద్దు. డబ్బా ఫోటో వాట్సాప్‌లో పెట్టండి, బిల్లు లేకపోయినా ఫర్వాలేదు. పాత పీట్ కూడా తేనక్కర్లేదు, పెరట్లో మొక్కలకు వేసేయండి.