డాక్టర్ల పరిశోధన పత్రాల లెక్క ఎవరు చూస్తున్నారు?

సంపాదకుడు గారికి,

నమస్కారం. ఈమధ్య మీ జిల్లా పేజీలో జీర్ణకోశ క్యాన్సర్ల మీద పనిచేసే ఒక పెద్ద డాక్టరు గారి సన్మానం వార్త చూశాను. ఆయన పేరు ఇక్కడ అక్కర్లేదు, ఆయన మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. నా గొడవంతా హెడ్డింగు కింద మీరు పెద్దక్షరాల్లో వేసిన ముక్కతోనే: వందల కొద్దీ అంతర్జాతీయ పరిశోధన పత్రాలు రాశారట. సరే, దేని మీద రాశారు? ఏ జర్నల్లో వచ్చాయి? వాటిలో ఆయన చేసిన పని ఎంత? వార్త మొత్తం రెండుసార్లు చదివినా ఒక్కదానికీ జవాబు లేదు, శాలువా ఎవరు కప్పారో మాత్రం ఉంది.

నేను డాక్టర్ని కాను. మెడికల్ కాలేజీ లైబ్రరీలో పనిచేసి రిటైరయ్యాను. ఇన్‌స్పెక్షన్ అన్నా, ప్రమోషన్లన్నా లైబ్రరీకి ఒక్కసారిగా రద్దీ పెరిగేది. వచ్చినవాళ్లలో పిత్తాశయం క్యాన్సర్ మీద కొత్తగా ఏమొచ్చిందని అడిగేవాళ్లు తక్కువ. "సార్, నెల లోపల యాక్సెప్టెన్స్ లెటర్ ఇచ్చే జర్నల్ ఏదైనా చెప్పండి, స్కోపస్‌లో ఉండాలి, ఫీజు ఎంతైనా పర్లేదు" అనేవాళ్లే ఎక్కువ (స్కోపస్ అంటే లెక్కలోకి వచ్చే జర్నళ్ల పట్టిక లాంటిది). పాపం వాళ్లని అనీ లాభం లేదు. పొద్దున ఓపీ, మధ్యాహ్నం ఆపరేషన్లు, మధ్యలో క్లాసులు, వీటన్నిటి మీద పైనుంచి రూలు. జాతీయ వైద్య కమిషన్ 2022 నిబంధనల్లో అసోసియేట్ ప్రొఫెసర్ కావాలంటే రెండు పత్రాలు, ప్రొఫెసర్ కావాలంటే నాలుగు ఉండాలన్నారు, పేరు మొదటి ముగ్గురిలో ఉండాలి లేదా జర్నల్‌తో ఉత్తరాలు నడిపే కరస్పాండింగ్ ఆథర్‌గా ఉండాలి. రోజంతా పేషెంట్లని చూసి చూసి చేయి తిరిగిన సర్జనుకి కూడా ఇదే కొలత.

రూలు ఊరికే పుట్టలేదు, అదీ ఒప్పుకోవాలి. డా. సమీరన్ నందీ, ఆయన కూడా జీర్ణకోశ సర్జనే, మరికొందరితో కలిసి 2005 నుంచి 2014 దాకా మన దేశంలోని 579 వైద్య సంస్థల పరిశోధన లెక్క తీశారు. అందులో 332 సంస్థల నుంచి ఆ పదేళ్లలో ఒక్క పత్రం కూడా రాలేదు. ఏడాదికి వందకు పైగా రాసినవి 25 మాత్రమే, దేశం మొత్తం మీద వచ్చిన దాంట్లో దాదాపు 40 శాతం వాటిదే. అలాంటి చోట "రాయాల్సిందే" అనడం తప్పు కాదు. కానీ రాయడానికి ముందు చేయాల్సిన పనికి టైమూ, మనుషులూ, డబ్బూ ఇవ్వకుండా రాతని మాత్రం లెక్కపెడితే ఏమవుతుంది? లెక్క తయారవుతుంది.

ఆ లెక్క ఎలా తయారవుతుందో చెప్తాను. పిత్తాశయం క్యాన్సర్‌కి ఆపరేషన్ అయిన అరవై మంది పేషెంట్ల రికార్డులు ఉన్నాయనుకోండి. వాళ్ల వయసు, లక్షణాల మీద ఒక పత్రం. వాళ్లదే స్కానింగ్ రిపోర్టుల మీద ఇంకోటి. వాళ్లదే బయాప్సీ మీద మూడోది. మనుషులు అరవై మందే, జాబితాలో మాత్రం మూడు వరుసలు. ఇంకోటి, ఒకే పేషెంటు కథ చెప్పే కేస్ రిపోర్టు. అమ్మాయి కడుపులో వెంట్రుకల ఉండ దొరికింది, ఫొటోతో సహా వస్తుంది (అదే వార్త మీ జోన్ పేజీలో కూడా వస్తుంది లెండి, ఫొటో కొంచెం పెద్దది). కేస్ రిపోర్టులు పనికిరావని కాదు, అరుదైన జబ్బుల విషయంలో వాటి విలువ వాటిదే. కానీ పెద్దపేగు క్యాన్సర్ పేషెంట్లని వందల మందిని రెండు గుంపులు చేసి, మందు ఇచ్చి, ఏళ్ల తరబడి వెంటపడి ఎవరు బతికారో చూసిన ట్రయల్‌నీ దీన్నీ పక్కపక్కన పెట్టి "రెండు పత్రాలు" అంటే ఎట్లా?

ఇక పేర్ల సంగతి. ప్రపంచవ్యాప్తంగా జబ్బుల భారం లెక్కగట్టే పెద్ద అధ్యయనాల్లో ఒక్క పత్రానికి వందల మంది రచయితలుంటారు. అందులో పేరుండటం గౌరవమే, కానీ మూడు వందల మందిలో ఒకరిగా ఉండటం, మొదటి పేరుగా ఉండటం ఒకటి కాదు. పైగా మన తెలుగువాళ్లకి మరో తిప్పలు. మనం ఇంటిపేరు ముందు పొట్టిగా రాస్తాం, విదేశీ జర్నళ్లేమో చివరి మాటనే ఇంటిపేరు అనుకుంటాయి. వైద్య పత్రాలు వెతికే వెబ్‌సైటు పబ్‌మెడ్‌లో "రావు ఎస్" అనో "రెడ్డి పి" అనో కొట్టి చూడండి, ఎంతమంది పని ఒకే పేరు కింద కుప్పపడి కనిపిస్తుందో. హెడ్డింగుల్లో వేసే అంకెల్లో ఇలాంటి కుప్ప నుంచి ఏరుకున్నవీ కలిసే అవకాశం ఉంది, ఎవరూ కావాలని చేయకపోయినా సరే. ఆర్కిడ్ అని ప్రతి పరిశోధకుడికీ ఒక నంబరు ఇచ్చే పద్ధతి 2012 నుంచీ ఉంది, ఉచితం కూడా. మన కాలేజీలు దాన్ని తప్పనిసరి చేస్తే సగం గందరగోళం పోతుంది.

లెక్క ఎక్కువుంటే పని గొప్పదని అనుకునేవాళ్లు కడుపులో పుండు కథ ఒకసారి చదవాలి. ఆస్ట్రేలియాలో రాబిన్ వారెన్ అనే పాథాలజిస్టు 1979లో జీర్ణాశయం బయాప్సీల్లో వంకర బ్యాక్టీరియాని గమనించారు. తర్వాత బారీ మార్షల్ అనే కుర్ర డాక్టరు తోడయ్యాడు. 1983లో ఆ దేశపు గ్యాస్ట్రోఎంటరాలజీ సొసైటీ మీటింగుకి సారాంశం పంపిస్తే తిప్పికొట్టారు, 67 వస్తే 56 తీసుకున్నారు, వీళ్లది మిగిలిన పదకొండులో పడింది. 1984లో పేరున్న వైద్య జర్నల్ లాన్సెట్‌లో వచ్చింది. పుండ్లకి టెన్షనూ కారమూ కారణమని డాక్టర్లే చెప్పే రోజుల్లో, కాదు క్రిమి అన్నారు. 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం అదే క్రిమిని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది, 2005లో ఇద్దరికీ నోబెల్. 1983లో మన ప్రమోషన్ కమిటీ ముందు మార్షల్ కూర్చుని ఉంటే ఏమనేవారో ఊహించడం కష్టం కాదు.

అంకె ఎక్కువుండి బోల్తాపడిన కథ కూడా మనకి దగ్గరదే, పసుపు కథ. అమెరికాలో ఒక పేరున్న క్యాన్సర్ కేంద్రంలో పనిచేసిన శాస్త్రవేత్త, భారతీయ మూలాలున్నాయన, పసుపులోని కర్క్యుమిన్ మీద వందల పత్రాలు రాశారు, వాటిని వేల మంది ఉటంకించారు. బొమ్మల్లో తేడాలు బయటపడి తర్వాత అందులో పాతికకు పైగా పత్రాలని జర్నళ్లే చెల్లవని వెనక్కి తీసుకున్నాయి. 2017లో రసాయన శాస్త్రవేత్తల బృందం ఒకటి కర్క్యుమిన్ మీద అప్పటిదాకా జరిగిన నూటికి పైగా క్లినికల్ ట్రయల్స్ చూసి, పకడ్బందీగా చేసిన ఏ ఒక్క ట్రయల్లోనూ అది ఫలించినట్టు లేదని రాసింది. నిజామాబాద్ యార్డు నుంచి దుగ్గిరాల దాకా పసుపు పండించే మనకి పసుపు మీద ప్రేముండటం సహజం, కూరలో వేసుకుందాం. కానీ పేగు క్యాన్సర్‌కి కీమో మానేసి పసుపు నీళ్లు తాగమనే వాట్సాప్ మెసేజీల వెనక "వందల పరిశోధనలు రుజువు చేశాయి" అనే మాట ఉంటుందే, అది ఇలాంటి జాబితాల నుంచే వస్తుంది. అదీ అంకెకి మనం ఇచ్చే విలువకి పేషెంటు కట్టే మూల్యం.

అమ్మకానికి నకిలీ పత్రాలు రాసిపెట్టే "పేపర్ మిల్లులూ", అచ్చేసే ముందు తోటి నిపుణులు చేయాల్సిన పరిశీలనని దొంగగా కానిచ్చే రివ్యూలూ వేరే కథ. 2023లో హిందావి అనే ఒక్క ప్రచురణ సంస్థే ఎనిమిది వేలకు పైగా పత్రాలు వెనక్కి తీసుకుంది, అందులో క్యాన్సర్ పత్రాలూ ఉన్నాయి. వెనక్కి తీసుకున్నాక రచయితల బయోడేటాల నుంచి అవి పోయాయా అంటే, చూసేవాళ్లెవరు?

మన దగ్గర మంచి పని లేకనా? ఉంది. క్లోమంలో రాళ్లు పడి, చిన్న వయసులోనే కడుపునొప్పి, షుగరు తెచ్చిపెట్టే ఒక జబ్బు ఉంది, ముందుముందు క్లోమం క్యాన్సర్ ముప్పునీ పెంచుతుంది. కేరళలో ఎక్కువగా కనిపించింది కాబట్టి కర్రపెండలం తినడం వల్లే అని చాలాకాలం అనుమానపడ్డారు. హైదరాబాద్‌లో సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలూ, డా. డి. నాగేశ్వర్ రెడ్డి గారి లాంటి జీర్ణకోశ వైద్యులూ కలిసి 2002లో ప్రచురించిన పత్రం దీనికి స్పింక్1 అనే జన్యువులో మార్పులతో సంబంధం ఉందని చూపించింది. డాక్టరు దగ్గర పేషెంట్లు, ల్యాబు దగ్గర పరికరాలు, ఇద్దరూ ఒకే ఊళ్లో. నాగేశ్వర్ రెడ్డి గారికి 2025లో పద్మవిభూషణ్ వచ్చినప్పుడు ఇలాంటి ఒక్క పత్రం గురించి నాలుగు వాక్యాలు తెలుగులో వివరించి ఉంటే పాఠకుడికి నిజంగా ఏదో తెలిసేది.

ప్రభుత్వాలకి కూడా ఒక మాట. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైంది. అప్పట్నుంచీ రెండు రాష్ట్రాల్లో అన్నవాహిక, జీర్ణాశయం, పెద్దపేగు క్యాన్సర్లకి జరిగిన ఆపరేషన్లు, కీమోల వివరాలు కంప్యూటర్లో ఉన్నాయి. ఏ మండలం నుంచి ఏ స్టేజీలో వచ్చారు, ఆపరేషన్ అయిన ఐదేళ్లకి ఎంతమంది ఉన్నారు? పేర్లు తీసేసి ఆ వివరాలు మన పీజీ విద్యార్థులకి ఇస్తే, వాళ్లకి థీసిస్‌కీ పనికొస్తుంది, మన జిల్లాలకీ పనికొస్తుంది. జర్నళ్లు చదవడానికి డబ్బుల్లేవనే సాకు కూడా ప్రభుత్వ కాలేజీలకి ఇప్పుడు చెల్లదు, ఒకే దేశం ఒకే చందా పథకం కింద 2025 జనవరి నుంచి వేల జర్నళ్లు ఉచితంగా తెరుచుకున్నాయి. ఎన్ని కాలేజీల్లో దాని లాగిన్ వాడుతున్నారో ఆరోగ్య విశ్వవిద్యాలయాలు లెక్క తీసి చెప్తే బాగుంటుంది. ప్రతి కాలేజీ వెబ్‌సైటులో ప్రొఫెసర్ల పత్రాల జాబితా, రచయితల్లో వాళ్ల పేరు ఎన్నోది, వెనక్కి తీసుకున్నవి ఏవి, ఇవన్నీ పెట్టమని ఆదేశమిస్తే ఖర్చేమీ కాదు.

మీ విలేకరులకి నేను కోరేది ఇంకా చిన్నది. ఈసారి ఎవరైనా "నాలుగు వందల పత్రాలు" అని చేతికి కాగితం ఇస్తే, వాటిలో మీకు బాగా నచ్చిన ఒక్కటి చెప్పండి, దానివల్ల పేషెంటుకి ఇచ్చే వైద్యంలో ఏం మారిందో చెప్పండి అని అడగమనండి. పనిచేసిన డాక్టరైతే గంట మాట్లాడతారు, ఫోన్ పెట్టనివ్వరు. జవాబు ఎటైనా తిరిగితే ఆ అంకె వేయకండి, శాలువా ఫొటో చాలు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ మెడికల్ కాలేజీ లైబ్రేరియన్,
తెనాలి