బుజ్జికి నాన్న రాసేది

నల్లకుంట,
ఆదివారం పొద్దున.

చి. బుజ్జికి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. ఇప్పుడు ఉత్తరమేమిటి అనుకోకు. ఫోన్ చేస్తే "బాగానే ఉన్నా నాన్నా, మళ్ళీ చేస్తా" అంటావు, ఆ మళ్ళీ చేయడం ఉండదు. కింది పోర్షన్ అబ్బాయి రేపు మాదాపూర్ వెళ్తూ కొండాపూర్‌లో మీ హాస్టల్ దగ్గర ఆగుతానన్నాడు. అమ్మ ఎలాగూ సంచి సర్దుతోంది కాబట్టి అందులో ఈ కాగితాలు కూడా పెడదామని కూర్చున్నాను. చిన్న సీసాలోది గోంగూర, పెద్ద సీసాలోది మాగాయ. తడి చెంచా పెట్టకు. పోయినసారి సగం సీసా బూజు పట్టిందని అమ్మ ఇప్పటికీ అంటూనే ఉంది.

నల్లా నీళ్ళు రోజు విడిచి రోజు వస్తున్నాయి, అదీ తెల్లవారుజామున నాలుగున్నరకి. మొన్నటి వానకి నీ గది కిటికీలోంచి జల్లు కొట్టి పుస్తకాల అరలో కింది వరస తడిసింది. నీ సీఏ ఫైనల్ రెండో గ్రూపు మెటీరియల్ పై అరలో ఉండబట్టి బతికింది. దుమ్ము దులిపి పేపరు కప్పాను. కిటికీ రెక్కకి కొత్త గడియ వేయించాను.

గోల్కొండలో బోనాలు మొదలయ్యాయి. వచ్చే ఆదివారం లష్కర్ బోనాలు, అదే సికింద్రాబాద్‌వి. నువ్వు చిన్నప్పటి నుంచీ లష్కర్ బోనాలకి ఇంట్లో లేకపోవడం అంటూ లేదు. అత్తయ్య నిన్ననే అడిగింది, బుజ్జి శనివారమే వస్తుందా, ఆదివారం పొద్దున వస్తుందా అని. శనివారమే అని చెప్పాను.

మల్కాజ్‌గిరి బాబాయి బుధవారం వచ్చాడు. పిన్నికి మోకాళ్ళ నొప్పి తగ్గలేదట. మాటల మధ్యలో, మంగళవారం పొద్దున పదకొండున్నరకి నిన్ను అమీర్‌పేట మెట్రో స్టేషన్‌లో చూశానన్నాడు. పిలిస్తే నువ్వు వినలేదట. "మెడలో ఆఫీసు ట్యాగ్ కూడా లేదన్నయ్యా, సెలవు పెట్టిందేమో" అన్నాడు. అయ్యుంటుందన్నాను. అమ్మ వంటింట్లోంచి వింది. ఏమీ అనలేదు కానీ బాబాయి కాఫీలో చక్కెర రెండుసార్లు వేసింది.

సెలవైతే సెలవే. సెలవు రోజు ఇంటికి వస్తే ఇంకా బాగుండేది, అంతే.

శుక్రవారం బ్యాంకుకి వెళ్ళి పాస్‌బుక్ ప్రింట్ వేయించుకున్నాను. నువ్వు పంపే పదివేలు ఇదివరకు ఒకటో తారీకునో రెండో తారీకునో నీ జీతం ఖాతా నుంచి వచ్చేవి. ఈ రెండు నెలలు కూడా వచ్చాయి, కానీ ఐదో తారీకున వచ్చాయి, అదీ నీ ఆర్టికల్‌షిప్ (సీఏ ట్రైనింగ్) రోజుల్లో స్టైపెండ్ పడిన పాత ఖాతా నుంచి. ఇన్నేళ్ళు టిక్కులు పెట్టి బతికిన మనిషిని, అలాంటి ఎంట్రీ కనిపిస్తే దాటి పోలేను. పోయిన నెల ఇంటికి ఎందుకు రాలేదని అడిగితే బిజీ సీజన్ అన్నావు. అమ్మ నమ్మింది. డిసెంబరు 31తో లెక్కలు మూసే అమెరికా కంపెనీల ఆడిట్ హడావిడి జనవరి నుంచి మార్చి దాకా కదమ్మా. ఆ మూడు నెలలూ నువ్వు రాత్రి రెండింటికి క్యాబ్ దిగి "తలుపు గడియ పెట్టుకున్నాను" అని మెసేజ్ పెట్టేదాకా నేను పడుకోలేదు. జూన్‌లో ఎక్కడిది ఆ సీజన్?

సరే, దాని సంగతి ఇప్పుడు వద్దు. నిన్న అటక సర్దుతుంటే నా పాత టిఫిన్ బాక్సు దొరికింది, రెండు గిన్నెలది, పక్క క్లిప్పు వంగిపోయినది. దాని కథ నీకెప్పుడూ చెప్పలేదు. అన్నయ్యకీ తెలియదు.

అది 1997. అన్నయ్యకి మూడేళ్ళు, నువ్వింకా పుట్టలేదు. నేనప్పుడు ఒక ఫైనాన్స్ కంపెనీలో ఇంటర్నల్ ఆడిట్ చూసేవాణ్ణి. ఆ ఏడు రిజర్వు బ్యాంకు అలాంటి కంపెనీలకి రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసింది, పద్ధతులు బిగించింది. మా కంపెనీ నిలబడలేదు. ఒక సోమవారం వెళ్తే షట్టర్‌కి తాళం ఉంది, బయట డిపాజిట్లు కట్టినవాళ్ళు గుంపుగా ఉన్నారు. రెండు నెలల జీతం కూడా అందులోనే పోయింది. ఇంటికి వచ్చాను. అమ్మ ఎదురొచ్చి "పొద్దున్నే వచ్చేశారేం" అంది. తలనొప్పి అన్నాను. ఆ ఒక్కమాటతో మొదలైంది.

మర్నాటి నుంచి రోజూ తొమ్మిదింటికి బాక్సు పట్టుకుని బయల్దేరేవాణ్ణి. కోఠీలో బస్సు దిగి, నడుచుకుంటూ అఫ్జల్‌గంజ్‌లో మూసీ ఒడ్డునున్న సెంట్రల్ లైబ్రరీకి పోయేవాణ్ణి. పొద్దున పేపర్లలో ఉద్యోగ ప్రకటనలు చూసి అప్లికేషన్లు రాసేవాణ్ణి. మధ్యాహ్నం మెట్ల మీద కూర్చుని బాక్సు తినేవాణ్ణి. ఎవరైనా తెలిసినవాళ్ళు కనిపిస్తారేమోనని గోడ పక్క మూల కుర్చీలో, పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చునేవాణ్ణి. అయిదున్నరకి మళ్ళీ ఇంటికి. అలా ముప్పై నాలుగు రోజులు. తమ్ముడి దగ్గర అప్పు తెచ్చి అమ్మకి జీతమని ఇచ్చాను.

అమ్మ కనిపెట్టేసింది. ఎలాగో తెలుసా? అప్పట్లో మేం వోచర్లకి ఆకుపచ్చ ఇంకుతో టిక్కు పెట్టేవాళ్ళం. నా పెన్ను ఎప్పుడూ కారేది, ప్రతి చొక్కా జేబు అడుగునా రూపాయి బిళ్ళంత పచ్చ మరక. అమ్మ దాన్ని నిమ్మకాయ, ఉప్పు పెట్టి రుద్దేది, విసుక్కునేది. నెలరోజులుగా కొత్త మరక ఒక్కటీ లేదు. ఆవిడ వారం రోజులు ఏమీ అడగలేదు. ఒక రాత్రి అన్నం వడ్డిస్తూ, "రేపు బాక్సు కట్టనా, ఇంట్లోనే తింటారా?" అంది. తల ఎత్తలేకపోయాను. మజ్జిగ పోసి, "అన్నం తినండి ముందు" అంది. తర్వాత ఇద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం. చేతి గాజులు రెండు బేగంబజార్‌లో తాకట్టు పెడదామంది. వద్దన్నాను, పెట్టాం.

అసలు సంగతి ఇక్కడుంది బుజ్జీ. ఆ లైబ్రరీలో నా ఎదురు బల్ల దగ్గర రోజూ మధ్యాహ్నం ఒక పెద్దాయన కూర్చునేవాడు. బేగంబజార్‌లో ఇత్తడి, స్టీలు సామాను దుకాణంలో గుమాస్తా. నేను ముప్పై నాలుగు రోజులు ఆయనకి మొహం చాటేశాను. ఇంట్లో చెప్పిన మర్నాడు నాకు గుండె మీంచి బస్తా దింపినట్టుండి, నమస్కారం పెట్టి పలకరించాను. ఏం చేస్తుంటారంటే, ఉద్యోగం పోయింది, లెక్కలు చూస్తాను అన్నాను. ఆయన వెంటనే, "మా సేటు ఖాతాలు నాలుగు రోజులుగా కలవడం లేదయ్యా, 2,700 తేడా" అన్నాడు.

దుకాణానికి తీసుకెళ్ళాడు. ఎర్రగుడ్డ అట్టల పొడుగు పుస్తకాలు, గద్దె మీద సేటు. 2,700ని తొమ్మిదితో భాగించాను, శేషం లేకుండా పోయింది. తేడా తొమ్మిదితో పోయిందంటే అంకెలు తారుమారయ్యాయేమో ముందు చూడాలని నీకు ఇంటర్‌లోనే చెప్పాను, గుర్తుందా? గంటన్నర వెతికితే దొరికింది. రోజుపద్దులో 4,710 ఉన్నది ఖాతాలో 7,410 ఎక్కింది. సేటు చాయ్ తెప్పించాడు, మూడొందలు చేతిలో పెట్టాడు. పక్క దుకాణం వాడితో చెప్పాడు. ఏడాది తిరిగేసరికి ఆ బజారులో ఆరు దుకాణాల లెక్కలు నావి. ఆ లెక్కలు ఆడిట్ చేసే హిమాయత్‌నగర్ సార్ నా షెడ్యూళ్ళు చూసి కబురు పెట్టారు. తర్వాత ఇరవై ఒక్కేళ్ళు ఆయన దగ్గరే. మీ చదువులన్నీ ఆ జీతం మీదే.

ఇదంతా ఎందుకు రాశానో నీకు తెలుసు.

నీకు అలాంటిదేమైనా జరిగి ఉంటే, ఉంటేనే అంటున్నాను, కొన్ని మాటలు. నీతులు చెప్పకూడదనుకునే కూర్చున్నాను కానీ చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. రిలీవింగ్ లెటర్, చివరి మూడు నెలల పే స్లిప్పులు, ఫారం 16, ఫైనల్ సెటిల్‌మెంట్ కాగితం, అన్నీ తీసుకుని ఒక ఫైల్‌లో పెట్టుకో. ఆఫీసు ఈమెయిల్ ఆగిపోతే తర్వాత వాటి కోసం తిరగాలి. పీఎఫ్ తీయకు. అయిదేళ్ళ సర్వీసు నిండకుండా తీస్తే దాని మీద టాక్స్ పడవచ్చు. నీకు నాలుగేళ్ళు కూడా కాలేదు. కొత్త కంపెనీకి బదిలీ చేయించుకోవచ్చు. ఆఫీసు ఇచ్చిన హెల్త్ ఇన్సూరెన్స్ ఉద్యోగంతో పాటే పోతుంది, సొంతంగా ఒకటి తీసుకో. ప్రీమియం నేను కడతాను.

పని దొరకదని అనుకోకు. మీ రాయదుర్గం అద్దాల మేడలు ఒక్కటే ఆడిట్ కాదు. టాక్స్ ఆడిట్ రిపోర్టులకి గడువు సెప్టెంబరు 30. ఇప్పుడు జులై. హిమాయత్‌నగర్, బషీర్‌బాగ్, పంజాగుట్ట గల్లీల్లో ఉన్న చిన్న ఫర్మ్‌లన్నీ ఈ రెండున్నర నెలలకి పని తెలిసిన మనిషి కోసం చూస్తుంటాయి. ఆర్టికల్స్ పిల్లలు ఉంటారు, కానీ వాళ్ళకి పక్కన కూర్చుని చెప్పేవాళ్ళు ఉండరు. టాక్స్ ఆడిట్ ఫారం త్రీసీడీలో ఏ క్లాజుకి ఏ కాగితం అడగాలో, టర్నోవర్‌ని జీఎస్టీ రిటర్నులతో ఎలా కలపాలో నీకు వచ్చు. బ్యాంకుల కంకరెంట్ ఆడిట్ కూడా ఉంది. అది ఏడాది పొడుగునా నడిచే పని. బ్రాంచిలో కూర్చుని వోచర్లు, లోన్ కాగితాలు చూడాలి, గోల్డ్ లోన్ పాకెట్లు లెక్కపెట్టాలి. జీతం నీ పాత జీతంలో సగం కూడా ఉండకపోవచ్చు. ఫరవాలేదు. పని తెగిపోకుండా ఉంటుంది, చేయి ఆడుతూ ఉంటుంది. రెడ్ హిల్స్‌లో సీఏ ఇన్‌స్టిట్యూట్ బ్రాంచి ఉంది కదా, అక్కడ సెమినార్లకి వెళ్ళి కూర్చో. టీ తాగేటప్పుడు నలుగురితో మాట్లాడు. నేను మూల కుర్చీలో కూర్చున్నట్టు కూర్చోకు. హిమాయత్‌నగర్ సార్ వాళ్ళబ్బాయి ఇప్పుడు ఫర్మ్ చూస్తున్నారు. నువ్వు ఊఁ అంటే ఒక్కమాట అడుగుతాను. నువ్వు అనకుండా అడగను.

ఇంటర్వ్యూలో ఉద్యోగం పోయిందని ఉన్నదున్నట్టు చెప్పు. టీమ్ తగ్గించారంటే అది నీ తప్పు కాదు, అడిగేవాళ్ళకీ తెలుసు. మధ్యలో ఖాళీ కనిపించకుండా అనుభవం లెటర్లు డబ్బుకి చేసిస్తామనేవాళ్ళు తగులుతారు, ఆ మాట చెవిన పడితే అక్కణ్ణుంచి లేచి వచ్చేయ్. ఇతరుల కాగితాలు నిజమో కాదో చూడటమే మన పని.

పోతే, రెండో గ్రూపు. మొదటి గ్రూపు పాసైంది, అది ఎక్కడికీ పోదు. ఇప్పుడు ఫైనల్ ఏడాదికి మూడుసార్లు పెడుతున్నారు, జనవరిలో, మేలో, సెప్టెంబరులో. సెప్టెంబరు తొందరవుతుంది, జనవరికి కూర్చో. మూడే పేపర్లు. ఒక్కోదానిలో నలభై, మొత్తం మీద సగం. పోయినసారి నీకు మొత్తంలోనే పదకొండు మార్కులు తగ్గాయి, అదీ ఆఫీసు చేసుకుంటూ రాస్తే. హాస్టల్‌కి నెలకి పదకొండు వేలు కడుతూ అక్కడ చదవడం ఎందుకు, నీ గది నీకు ఉంది, కిటికీకి గడియ కూడా ఉంది.

బాబాయి చెప్పింది విన్నాక నాకు ఒక సంగతి పదేపదే గుర్తొస్తోంది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు ఉత్తరం బయటికొచ్చిన రోజు మా ఆఫీసులో ఎవరూ భోజనానికి లేవలేదు. పుస్తకాల్లో చూపించిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేనే లేవని ఆయనే రాశాడు. ఖాతాలో ఇంత ఉందని బ్యాంకు ఇచ్చే కన్ఫర్మేషన్లను ఆడిటర్లు బ్యాంకు నుంచి నేరుగా తెప్పించుకోకుండా కంపెనీ చేతుల మీదుగా తీసుకున్నారని తర్వాత తేలింది. ఆ రోజు నుంచి మా సార్ కన్ఫర్మేషన్ కవరు ఆఫీసుకే రావాలనేవారు, క్లయింటు చేత్తో తెచ్చిస్తే తీసుకునేవారు కాదు. నేనూ అంతే. బాబాయి చెప్పింది, పాస్‌బుక్ చెప్పింది నేను లెక్కలోకి తీసుకోను. నీ దగ్గర్నుంచి రావాలి. ఏదైనా సరే, నువ్వే చెప్పాలి. కోపం ఉండదు. ప్రశ్నలు కూడా ఎక్కువ ఉండవు, అమ్మకి నేను చెప్పుకుంటాను.

నువ్వు పంపిన ఇరవై వేలూ నిన్న నీ పాత ఖాతాకే తిప్పి వేశాను. మళ్ళీ పంపకు. నా పెద్ద ఖర్చులేమీ లేవు, బీపీ మాత్రలు, పాల బిల్లు, అంతే.

ఆకుపచ్చ సీసాలో తలకి నూనె ఉంది, గుంటగలగరాకు వేసి కాచింది అమ్మ. శనివారం రాసుకోకు, ఇక్కడికి వచ్చాక తనే రాస్తుందట. కళ్ళద్దాల డాక్టరు దగ్గరికి వెళ్ళావా? వెళ్ళి ఉండవు. రాత్రుళ్ళు ఫోన్‌లో చదవకు. రెండు ఖాళీ స్టీలు డబ్బాలు, పోయిన దసరాకి పంపిన కుక్కర్ గిన్నె హాస్టల్‌లోనే ఉన్నాయి. శనివారం వచ్చేటప్పుడు పట్టుకురా. బరువైతే ఫోన్ చెయ్యి, మెట్రో స్టేషన్‌కి నేను వస్తాను, ఎంత రాత్రయినా సరే.

నాన్న

అమ్మ రాయమంటోంది: కింది పోర్షన్ అబ్బాయి చేతికి ఖాళీ సంచి తిప్పి ఇవ్వు. అన్నం తిన్నావో లేదో ఒక్క మెసేజ్ పెట్టు.